చేప కాలేయం ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతోంది: తప్పు ద్రావణానిదా, నాదా?

మొప్పలు | ఫిబ్రవరి 18, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో పరిశోధన మొదలుపెట్టి రెండో ఏడు. సముద్రపు నీరు వేడెక్కినప్పుడు చేప మొప్పల్లో, కాలేయంలో ఏ జన్యువుల పని పెరుగుతుందో చూడడం నా అంశం. జన్యువు ఎంత పని చేస్తోందో తెలిసేది దాని నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏను కొలిచే. జనవరిలో రెండుసార్లు తెల్లవారకముందే కాసిమేడు రేవుకు వెళ్లి కానగంతలు కొన్నాను. మరోసారి పులికాట్ వెళ్లి బతికున్న రొయ్యలు తీసుకున్నాను. అన్నిటినీ అక్కడికక్కడే కోసి, ఆర్‌ఎన్‌ఏను విరగకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏలేటర్ ద్రావణంలో వేసి, ప్రయోగశాలకు రాగానే మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాను.

నిన్నా ఇవాళా ఆర్‌ఎన్‌ఏ తీశాను. మొదటి రోజు చేపల మొప్పలు బాగున్నాయి, రిన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత విరగకుండా ఉందో యంత్రం పదికి ఇచ్చే మార్కు) ఏడుకు పైనే. అవే చేపల కాలేయం మాత్రం మూడు దాటలేదు. రెండో రోజు చేపల్లో మొప్పలు కూడా నాలుగు, అయిదు దగ్గరే ఆగాయి. రొయ్యల సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఆర్‌ఎన్‌ఏను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏవి రెండు గీతలు రావాలి. పైన ఉండవలసిన 28ఎస్ గీత అసలు లేదు, కింద 18ఎస్ ఒక్కటే మెరుస్తోంది.

మా గైడ్ చూసి, "ద్రావణం పాతదై ఉంటుంది, కొత్త సీసా తెప్పించు" అన్నారు. ఆ సీసా ధర తెలిసిన వారికి నా బాధ అర్థమవుతుంది. పైగా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా పెద్ద పడవలు కదలవు. నిజంగా సీసాయే పాడైందంటారా?

ఉప్పుగల్లు | ఫిబ్రవరి 19, ఉదయం 6.55

పాడవడానికి అందులో ఏముందమ్మా! ఆ సీసాలో ఉన్నది దాదాపుగా అమ్మోనియం సల్ఫేటే. అంత ఉప్పులో ప్రొటీన్లు కరిగి ఉండలేవు. ఆర్‌ఎన్‌ఏను నరికే ఎంజైములూ ప్రొటీన్లే కనుక ఉన్నచోటే చతికిలబడతాయి. అంతకు మించి మాయ ఏమీ లేదు.

మేము నాలుగేళ్లుగా స్వయంగా కలుపుకుంటున్నాం. 935 మిల్లీలీటర్ల శుభ్రమైన నీరు, 0.5 మోలార్ ఈడీటీఏ 40 మిల్లీలీటర్లు, 1 మోలార్ సోడియం సిట్రేట్ 25 మిల్లీలీటర్లు, అమ్మోనియం సల్ఫేట్ 700 గ్రాములు. కొద్దిగా వేడి చేస్తూ కలిపితే కరుగుతుంది. తరువాత సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 5.2కు తెచ్చుకోవాలి. చలికి అడుగున స్ఫటికాలు కనిపిస్తే పారేయకండి, 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి తిప్పితే మళ్లీ కరిగిపోతాయి. ఒక్క హెచ్చరిక. మా నాన్న పొలానికి చల్లే అమ్మోనియం సల్ఫేట్ కూడా ఇదే కదా అని ఒక తమ్ముడు సంచి ఎత్తుకొచ్చాడు. అది ఎరువు. ప్రయోగశాల రకమే కొనండి.

గడ్డకట్టినవాడు | ఫిబ్రవరి 19, ఉదయం 9.20

వంటకం తరువాత చూద్దాం, ముందు జబ్బు ఏమిటో తేలాలి. మొప్పలు గారూ, కాలేయం ముక్క ఎంత మందం? దానికి ఎంత ద్రావణం పోశారు? మైనస్ 20లో పెట్టే ముందు ఒక రాత్రి మామూలు ఫ్రిజ్‌లో ఉంచారా? రెండు రోజులూ చేపలు ఒకే రకం పడవ నుంచి కొన్నారా?

మొప్పలు | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1.15

కాలేయం చిన్నదే కదా అని ఒక్కో చేపది ఉన్నది ఉన్నట్టుగా రెండు మిల్లీలీటర్ల ట్యూబులో వేశాను. పైన ద్రావణం ఒక మిల్లీలీటరు కన్నా ఎక్కువ పట్టలేదు. ఫ్రిజ్‌లో ఉంచలేదు. వీలైనంత త్వరగా గడ్డకట్టించడమే మంచిదనుకున్నాను. పడవల సంగతి నేను గమనించలేదు. మొదటి రోజు ఫైబర్ పడవ దగ్గర కొన్నట్టు గుర్తు. రెండో రోజు వేలంపాటలో, మంచు పెట్టెలోంచి తీసిచ్చారు.

గడ్డకట్టినవాడు | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1.50

సగం తేలిపోయింది. సీసాను నిందించకండి.

ఆ ద్రావణం తనంతట తాను కణజాలంలోకి ఇంకాలి. అందుకే ముక్క ఏదో ఒక వైపు నుంచైనా అర సెంటీమీటరు కన్నా పలుచగా ఉండాలంటారు. ముక్క బరువుకు అయిదు నుంచి పది రెట్లు ద్రావణం పోయాలి. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తరువాతే మైనస్ 20కి గానీ మైనస్ 80కి గానీ మార్చాలి. మీ మొప్పలు పీచుల్లా పలుచన కాబట్టి ద్రావణం వెంటనే పట్టింది. కాలేయం బయటి పొర మాత్రమే ఊరింది. లోపలికి ఉప్పు చేరకముందే చలిలో పడేశారు. చలిలో అది ఇంకడం నత్తనడక.

అందులోనూ కాలేయం. చాలా చేపల్లో క్లోమం విడిగా ముద్దలా కనిపించదు, కాలేయం దగ్గరా పేగుల మధ్య కొవ్వులోనూ చెదిరి ఉంటుంది. క్లోమం అంటే ఆర్‌ఎన్‌ఏను నరికే ఎంజైముల గని. వాటిలో కొన్ని ఎంత మొండివంటే, మరిగించినా చల్లారగానే మళ్లీ మడతపడి పనిలోకి దిగుతాయి.

ఉప్పుగల్లు | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2.05

మామిడికాయను కోయకుండా జాడీలో పడేసి మాగాయ అవలేదని ఏడ్చినట్టుంది. ముక్క కోసుకో అమ్మా, మూడు మిల్లీమీటర్లకు.

దోమలబాబు | ఫిబ్రవరి 19, సాయంత్రం 5.30

రొయ్యల ట్యూబులు పారేశారా? పారేయకపోతే ఆగండి!

నేను దోమల మీద పని చేస్తాను. మొదటి ఏడాది మీలాగే 28ఎస్ గీత కనిపించక మూడు నెలలు తలబాదుకున్నాను. కీటకాల్లోనూ రొయ్య, పీతల వంటి వాటిలో చాలావాటిలోనూ 28ఎస్ అణువులో సహజంగానే మధ్యలో ఒక తెగిన చోటు ఉంటుంది. రెండు సగాలనూ హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. జెల్‌లో వేసే ముందు మనం వేడి చేస్తాం కదా, ఆ బంధాలు వీడి రెండు సగాలూ విడిపోతాయి. ఒక్కొక్క సగం పరిమాణం 18ఎస్‌కు దగ్గరగా ఉండడంతో మూడూ ఒకేచోట పరుగెత్తి ఒక్క గీతగా కనిపిస్తాయి. యంత్రం దాన్ని చూసి రిన్ రెండు అంటుంది. దానికి తెలిసింది రెండు గీతల లెక్క.

పరీక్ష తేలిక. ఒకే రొయ్య ఆర్‌ఎన్‌ఏను రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు వేడి చేయండి, రెండోదాన్ని అలాగే ఉంచి, మామూలు అగరోజ్ జెల్‌లో పక్కపక్కన వేయండి. వేడి చేయనిదానిలో రెండు గీతలూ కనిపిస్తే మీ రొయ్యలు నిక్షేపంగా ఉన్నట్టు. నిజంగా చెడిపోయినవైతే కిందికి పొగలా జారిన మరక కనిపిస్తుంది, ఇలా పదునైన గీత ఉండదు.

మొప్పలు | ఫిబ్రవరి 19, సాయంత్రం 5.41

పారేయలేదు. రేపు చేసి చెబుతాను. ఈ మాట ఎవరూ చెప్పలేదు నాకు.

ఆకుపసరు | ఫిబ్రవరి 19, రాత్రి 8.10

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నాకు డీఎన్‌ఏ చాలు, జాతి గుర్తింపు కోసం. ఇంత హంగామా అవసరమా?

ఉప్పుగల్లు | ఫిబ్రవరి 19, రాత్రి 8.25

అవసరం లేదు. డీఎన్‌ఏ గట్టి పిండం. చేప రెక్క ముక్కయితే 95 శాతానికి తగ్గని ఇథనాల్, మరుసటి రోజు ఒకసారి మార్చడం, అంతే. రంగు కలిపిన స్పిరిట్ వద్దు. ఆకయితే సిలికా జెల్. చెన్నై గాలిలో తేమకు సంచి తెరిచి మూస్తుంటేనే నీలం గుళికలు గులాబీ రంగుకు తిరుగుతాయి, మారుస్తూ ఉండండి. పేరు మాత్రం పెన్సిల్‌తో కాగితం మీద రాసి సంచి లోపలే వేయండి. ఇథనాల్ ఒలికితే మార్కర్ రాతలన్నీ మాయమవుతాయి. నలభై ట్యూబులు అనాథలైన ఇంటివాణ్ని నేను.

స్లైడుపెట్టె | ఫిబ్రవరి 20, ఉదయం 7.30

నేను ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగంలో పని చేస్తాను. చేపలు నాకు కొత్త, కానీ ఈ కథ పాతదే. శస్త్రచికిత్స గదిలో గడ్డను తీస్తారు. అది ఎంతసేపు బల్ల మీద ఉందో ఎవరూ రాయరు. తరువాత రిపోర్టు తేడాగా వస్తే, గడ్డ కుళ్లకుండా ముంచి ఉంచే ఫార్మలిన్ ద్రావణాన్ని తిడతారు. రొమ్ము క్యాన్సర్ పరీక్షలకు అందుకే నియమం పెట్టారు. గడ్డ బయటికి వచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటల మధ్య ఉండాలి. ఫార్మలిన్ లోపలికి పాకే వేగం గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున లెక్క వేసుకుంటాం. పెద్ద గడ్డను కోయకుండా బకెట్టులో ముంచితే నడిమి భాగం తెల్లవారేసరికి కుళ్లుతుంది. మీ కాలేయంతో జరిగింది సరిగ్గా అదే.

ఫార్మలిన్ ప్రొటీన్లనూ కేంద్రకామ్లాలనూ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను) ఒకదానితో ఒకటి ముడివేస్తుంది కాబట్టి ఆకారం చెక్కుచెదరదు. కణం ఎక్కడ ఉందో చూడాలనుకునే వారికి అది వరం. ఐఐటీ మద్రాసు మెదడు కేంద్రం 2024లో విడుదల చేసిన ధరణి అట్లాసులో గర్భస్థ శిశువు మెదడు కోతలు 5,132 ఉన్నాయి. ఆకారాన్ని అంత శ్రద్ధగా కాపాడితేనే అది సాధ్యం. అయితే ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో పోసిన దిమ్మెల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ చిన్న చిన్న తునకలుగానే వస్తుంది. డీఎన్‌ఏలో కూడా దాని నాలుగు అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ (సి) రూపు మారి, సి ఉన్నచోట టి ఉన్నట్టు చదివిస్తుంది. అది ఉత్పరివర్తనం అనుకుని సంబరపడిన వారు ఉన్నారు. కాబట్టి ఎవరైనా ఫార్మలిన్ సలహా ఇస్తే వినకండి చెల్లీ.

గడ్డకట్టినవాడు | ఫిబ్రవరి 20, ఉదయం 10.00

అక్క మాట నిజం. అయినా నా ఓటు ద్రవ నత్రజనికే. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏ ఎంజైమూ కదలదు. ఉప్పు ఇంకేదాకా ఎదురుచూసే పనే లేదు.

ఉప్పుగల్లు | ఫిబ్రవరి 20, ఉదయం 10.20

తెల్లవారుజామున కాసిమేడు వేలంపాటలో, మోకాలి లోతు చేప నీళ్లలో, భుజాన నత్రజని క్యాన్‌తో ఈ అమ్మాయి! మీరెప్పుడైనా ఆ రేవు చూశారా సార్?

గడ్డకట్టినవాడు | ఫిబ్రవరి 20, ఉదయం 10.45

చూశాను. ఒకసారి జారి పడ్డాను కూడా. సరే, తీసుకెళ్లేవారి కోసం చెబుతాను. ఒక లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. కారులో అద్దాలు ఎత్తి తీసుకెళ్లకండి, లిఫ్టులో క్యాన్‌తో పాటు మనుషులు ఎక్కకండి. గాలిలో ఆక్సిజన్ తగ్గుతున్న సంగతి మనిషికి తెలియనే తెలియదు. మూత సరిగా లేని క్రయో ట్యూబులోకి ద్రవం చేరితే, బయటికి తీసినప్పుడు టపాకాయలా పేలుతుంది. డ్రై ఐస్ అయితే మైనస్ 78.5 డిగ్రీలు. అది కరగకుండా నేరుగా ఆవిరవుతుంది కనుక పెట్టె మూతను గాలి చొరకుండా టేపుతో బిగించకూడదు.

ఇంకో సంగతి. ఉప్పు ద్రావణం లేకుండా గడ్డకట్టించిన ముక్కను ఎట్టి పరిస్థితిలోనూ కరగనివ్వకండి. మంచు స్ఫటికాలు కణాలను చీల్చి ఉంచుతాయి. కరిగిన మరుక్షణం లోపలి ఎంజైములన్నీ ఆర్‌ఎన్‌ఏ మీద పడతాయి. కల్వంలో నత్రజని పోస్తూ పొడి చేసి, ఆ పొడిని తిన్నగా ట్రైజాల్‌లో (ఆర్‌ఎన్‌ఏను బయటికి తీసే ద్రావణంలో) వేయాలి.

2015 డిసెంబరు వరదల్లో నాకు ఈ పాఠం ఖరీదుగా అందింది. అప్పుడు నేనున్న చోట జనరేటరు నేలమాళిగలో ఉండేది. మొదట మునిగింది అదే. మైనస్ 80 ఫ్రీజర్ మూడో అంతస్తులో పొడిగా, భద్రంగా, కరెంటు లేకుండా కూర్చుంది. ఊళ్లో డ్రై ఐస్ దొరకలేదు. నాలుగో రోజు తలుపు తీస్తే నీళ్లు కారాయి. నత్రజనిలో గడ్డకట్టించిన ఎలుక మెదళ్లు మొత్తం పోయాయి. ఒక విద్యార్థిని పొదుపు కోసం ఉప్పు ద్రావణంలో దాచిన ట్యూబులు మాత్రం నిలిచాయి. ఆ ద్రావణంలో కణజాలం 25 డిగ్రీల దగ్గర కూడా వారం రోజులు ఉంటుంది. కాబట్టి ఉప్పుగల్లు గారూ, మీ మీద నాకు కోపం లేదు, అసూయ ఉంది.

ఉప్పుగల్లు | ఫిబ్రవరి 20, ఉదయం 10.52

ఆ విద్యార్థినికి నా నమస్కారాలు.

పాత పిపెట్ | ఫిబ్రవరి 20, రాత్రి 9.15

అమ్మాయీ, నేను విశ్రాంత అధ్యాపకుణ్ని. అడయారులో ఉంటాను. ఇంతమంది నీ ఆర్‌ఎన్‌ఏ విరగకుండా చూసే మార్గాలు చెప్పారు. అన్నీ మంచివే. నాకు వేరే బెంగ ఉంది. ఆర్‌ఎన్‌ఏ విరగకుండా కూడా అబద్ధం చెప్పగలదు.

నీ ప్రశ్న ఏమిటి? సముద్రం వేడికి చేప ఎలా స్పందిస్తోందని. నువ్వు కొలిచే జన్యువుల్లో హెచ్‌ఎస్‌పీ70, అంటే వేడి దెబ్బకు కణాన్ని కాపాడే ప్రొటీన్ జన్యువు, తప్పక ఉండి ఉంటుంది. అది వేడికే కాదు, వలలో పెనుగులాటకూ, ఊపిరాడకపోవడానికీ కూడా పెరుగుతుంది. ఇప్పుడు నీ చేప వలలో ఎంతసేపు కొట్టుకుంది? పడవ అడుగున ఎంతసేపు పడి ఉంది? మంచులో ఎన్ని గంటలు? రిన్ తొమ్మిది వచ్చినా నువ్వు చదివేది సముద్రం కథ కాకపోవచ్చు, ఆ చేప ఆఖరి గంట కథ కావచ్చు. చచ్చాక అంతా ఆగిపోతుందనీ అనుకోకు. జీబ్రాఫిష్‌లో, ఎలుకలో కలిపి వెయ్యికి పైగా జన్యువుల ఆర్‌ఎన్‌ఏ మరణం తరువాత పెరిగినట్టు 2017లో ప్రచురించారు.

ఇది మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు ఎదుర్కొన్న చిక్కే. ఇక్కడి మద్రాసు వైద్య కళాశాలలోనే చదివి, హార్వర్డు వెళ్లి, 1920లలో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫేట్ కొలిచాడు. అప్పటిదాకా కండరంలో అకర్బన ఫాస్ఫేట్ దండిగా ఉందని అందరూ రాసుకున్నారు. ఆ కొలతలో చాలా భాగం, పరీక్ష జరుగుతుండగా మరో పదార్థం విరిగి విడుదలైనదే. విరిగిపోతున్న ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దాన్ని బయటపెట్టారు. మిగతావారు కొలిచింది కండరాన్ని కాదు, తమ చేతిలో కండరం పాడైన తీరును.

ఒక పని చెయ్యి. ఒకేసారి వలలో పడిన ఒకే సైజు చేపలు ఇరవై తీసుకో. అయిదింటి మొప్పలు వల పైకి రాగానే కోసి ద్రావణంలో వెయ్యి. తక్కినవి మంచులో పెట్టి అరగంటకు అయిదు, గంటకు అయిదు, రెండు గంటలకు అయిదు. అప్పుడు ఆలస్యం వల్ల ఎంత, వేడి వల్ల ఎంత అన్నది నీ చేతిలో ఉంటుంది. ఇది లేకుండా వ్యాసం పంపితే, సమీక్షకుణ్ని నేనే అయితే తిప్పి పంపుతాను.

మొప్పలు | ఫిబ్రవరి 20, రాత్రి 10.30

మాస్టారూ, చదివి చాలాసేపు మాట రాలేదు. హెచ్‌ఎస్‌పీ70 ఉంది. మొదటి పట్టికలో మొదటి వరుసే అది. కానీ దీనికి నేను పడవ ఎక్కాలి కదా?

పాత పిపెట్ | ఫిబ్రవరి 20, రాత్రి 10.34

ఎక్కాలి.

తడ పిల్లవాడు | ఫిబ్రవరి 21, ఉదయం 5.50

అక్కా, మాది తడ దగ్గర. నేను కంప్యూటర్ పని చేసుకుంటూ వేళచేరిలో ఉంటున్నాను కానీ మా అన్న ఇప్పటికీ వేటకు వెళతాడు. మీరు రెండో రోజు మంచు పెట్టెలోంచి కొన్నది మరపడవ సరుకు. అవి రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి. అడుగు గదిలో మంచులో ఉన్న చేప ఎప్పటిదో అమ్మేవాడికీ తెలియదు. ఫైబర్ పడవలు రాత్రి వెళ్లి పొద్దున్నే వచ్చేస్తాయి. మొదటి రోజు మొప్పలు బాగుండడానికి కారణం అదే అయి ఉంటుంది.

మా అన్న పడవలో వస్తానంటే అడుగుతాను. లైఫ్ జాకెట్ తప్పనిసరి, వాంతులకు మాత్ర ముందే వేసుకోండి. పడవ కదులుతుంటే ద్రావణం కొలిచి పోయడం అవదు, ట్యూబులు ముందే నింపి తెచ్చుకోండి.

స్లైడుపెట్టె | ఫిబ్రవరి 21, ఉదయం 8.05

ట్యూబు మీద పెన్సిల్‌తో సమయం కూడా రాయి చెల్లీ. వల పైకి వచ్చినది ఒకటి, ద్రావణంలో పడినది ఒకటి. ఆ రెండు అంకెల కోసం మా సర్జన్లతో పదేళ్లుగా పోరాడుతున్నాను.

మొప్పలు | ఫిబ్రవరి 21, రాత్రి 9.40

రొయ్యల ఫలితం వచ్చింది. వేడి చేసిన దానిలో ఒక్క గీత. వేడి చేయని దానిలో రెండు, పదునుగా. దోమలబాబు గారూ, మీకు ఎన్ని దండాలు పెట్టాలో తెలియదు. రెండు నెలల పని బతికింది. మా గైడ్ జెల్ ఫోటో చూసి, "నేనూ నా పాత రొయ్యల ట్యూబులు వెతకాలి" అన్నారు.

ఇంకో ప్రశ్న. కొన్ని ట్యూబులు విదేశంలోని ప్రయోగశాలకు పంపుదామంటున్నారు. ఉప్పు ద్రావణంలో ఉన్నవి మామూలు పార్సిల్‌లో పోతాయి కదా?

గడ్డకట్టినవాడు | ఫిబ్రవరి 21, రాత్రి 10.10

ఆర్‌ఎన్‌ఏకు అభ్యంతరం లేదు, చట్టానికి ఉండవచ్చు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన తరమణిలోనే ఉంది, వెళ్లి అడగండి.

మొప్పలు | మార్చి 9, సాయంత్రం 6.20

వెళ్లి వచ్చాను. మాత్ర వేసుకున్నా రెండుసార్లు వాంతి అయింది. ఇరవై చేపలు అనుకున్నాం, పదిహేడు దొరికాయి. వల పైకి వచ్చిన నాలుగు నిమిషాలకు మొదటి మొప్ప ద్రావణంలో పడింది, అయిదో చేపకు పదకొండు నిమిషాలు పట్టింది. కత్తెర ఒకసారి పడవ అడుగున జారిపోతే అన్న టార్చి పట్టి వెతికి ఇచ్చారు. కాలేయాలు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు పది రెట్లు ద్రావణం పోశాను. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాకే మైనస్ 20కి మార్చాను.

మచ్చుకు రెండు కాలేయాలు మాత్రం తీసి చూశాను. రిన్ 8.1, 7.8. మొప్పల్లో హెచ్‌ఎస్‌పీ70 లెక్క వచ్చే వారం. మాస్టారూ, అరగంట ట్యూబులకూ మొదటి ట్యూబులకూ తేడా ఉంటే జనవరి నాటి మొప్పలన్నీ పక్కన పెట్టాల్సిందేనా?

పాత పిపెట్ | మార్చి 9, రాత్రి 8.00

పెట్టాల్సిందే. ముందు తేడా ఎంతో చూడు.

తడ పిల్లవాడు | మార్చి 9, రాత్రి 8.30

అక్కా, ఆ చేపల్లో మొప్పలూ కాలేయమూ పోగా మిగిలింది ఏమి చేశారని అన్న అడుగుతున్నాడు.

మొప్పలు | మార్చి 9, రాత్రి 8.42

పులుసు పెట్టాం తమ్ముడూ. హాస్టల్లో నా బల్లకు ఆ రోజు మంచి పేరు వచ్చింది.